రంగు డబ్బా తెరిచే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న దీవించి వ్రాయునది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మేకుల తలలు ఉబ్బిన చోట్లు, తలుపు పిడి తగిలి పడిన బొక్క, హాలు మూలలో గోడ అతుకు మీద నుంచి విడిపోయిన టేపు, పైకప్పు మీద నీటి మరక అన్నీ తెలుస్తున్నాయి. వచ్చే శనివారమే రంగు మొదలుపెట్టాలని అల్లుడుగారు అనుకుంటున్నారని రాశావు. దయచేసి తొందరపడకండి. ఈ పనిలో ఎక్కువ రోజులు గోడను సిద్ధం చేయడానికే పోవాలి.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. మీ ఇల్లు 1974లో కట్టినది. ఇళ్లకు వేసే సీసపు రంగులను అమెరికాలో 1978లో నిషేధించారు. ఆస్బెస్టాస్ కలిసిన గోడ మరమ్మతు పూతలను 1977లో నిషేధించారు. కాబట్టి మీ గోడల్లో ఈ రెండూ ఉండే అవకాశం ఉంది. గోడ నమూనాలను ప్రయోగశాలకు పంపి, ఫలితం వచ్చేదాకా ఎక్కడా గీకవద్దు, ఉప్పు కాగితం పట్టవద్దు. ఏదైనా ఉందని తేలితే ఆ భాగాన్ని లైసెన్సు ఉన్నవారికే అప్పగించండి. పాకే పిల్లవాడున్న ఇంట్లో ఈ విషయంలో డబ్బుకు వెనకాడవద్దు.

మన ఊళ్లో ఇటుక గోడకు సిమెంటు పూత పూసి, దానిమీద లప్పం పెడతారు; ఆ గోడ కొంత మోటుతనాన్ని ఓర్చుకుంటుంది. మీ గోడ అలాంటిది కాదు. సాధారణంగా అర అంగుళం మందంలో, రెండు కాగితాల మధ్య జిప్సం నింపి చేసిన పలక అది, డ్రైవాల్ అంటారు. దాని బలంలో చాలా భాగం ఆ కాగితంలోనే ఉంది. పాత వాల్‌పేపరు పీకినప్పుడో, టేపు లాగినప్పుడో పైకాగితం చిరిగి లోపలి గోధుమరంగు పొర బయటపడితే, దానిమీద నేరుగా తడి కాంపౌండు, అంటే అతుకులు, గుంటలు పూడ్చే ముద్ద, పూయకూడదు. ఆ పొర నీళ్లు పీల్చుకుని అప్పడంలా పొంగుతుంది, ఎన్ని పూతలు వేసినా ఆ పొంగు పోదు. వేలాడే అంచులను పదునైన కత్తితో కోసి, లక్కతో చేసిన ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగుపూత) గాని నూనె ప్రైమరు గాని పూసి, అది పూర్తిగా ఆరాకే కాంపౌండు పెట్టాలి. చాలామంది దాటవేసే పని ఇదే, తరువాత గోడ పాడయ్యేదీ ఎక్కువగా ఇక్కడే.

మేకుల తలలు ఉబ్బడానికి కారణం లోపలి నిలువు చెక్కలు ఆరి కుంచించుకోవడం. ఆ తలను సుత్తితో కొట్టి పైన పూత పూస్తే మళ్లీ లేస్తుంది. మేకుకు కాస్త పైన, కాస్త కింద అంగుళంపావు డ్రైవాల్ స్క్రూలు చెక్కలోకి దించి, పలకను గట్టిగా పట్టించిన తరువాతే పాత మేకును పీకండి లేదా లోపలికి దించండి. స్క్రూ తల కాగితం మట్టానికి కొంచెం లోపలికి వెళ్లాలి గాని కాగితాన్ని చింపకూడదు.

తలుపు పిడి బొక్కను చతురస్రంగా కోయండి. కోసే ముందు ఆ గది కరెంటు ఆపి, వెనుక తీగలున్నాయేమో చూసుకోండి. లోపల రెండు చెక్క పట్టీలు పెట్టి పాత పలకకు స్క్రూలతో బిగించి, వాటి మీద అదే మందం ఉన్న కొత్త ముక్కను అమర్చి, అతుకులకు కాగితపు టేపు వేయండి. విడిపోయిన పాత టేపు మీద కొత్తది అంటించవద్దు. వదులైన భాగమంతా కోసి తీసేయండి.

పొడిగా దొరికే, నీళ్లు కలిపితే గట్టిపడే కాంపౌండు మొదటి పూతకు మంచిది; గట్టిపడే సమయం 20, 45, 90 నిమిషాలని సంచి మీద ఉంటుంది, కొత్తవారికి 90 చాలు. పై పూతలకు బకెట్‌లో తయారుగా వచ్చేది వాడండి, ఉప్పు కాగితానికి సులువుగా లొంగుతుంది. అయితే అది ఆరేకొద్దీ కుంచించుకుంటుంది కనుక పలుచగా, ఒక్కొక్క పూతను ముందుదానికంటే వెడల్పుగా లాగుతూ, ఒకటి ఆరాకే మరొకటి వేయాలి. చివరికి 150 నంబరు ఉప్పు కాగితంతో తేలికగా రుద్దండి. మరీ గట్టిగా రుద్దితే పక్కనున్న కాగితం నూగులేస్తుంది. ఎన్95 మాస్కు తప్పనిసరి, పిల్లవాడు ఆ వైపు రాకూడదు.

పైకప్పు మరక విషయంలో ముందు నీరు ఎక్కడినుంచి కారిందో కనిపెట్టి ఆపించండి. వేలితో నొక్కితే మెత్తగా ఉన్న పలకను మార్చవలసిందే. గట్టిగా ఉంటే పూర్తిగా ఆరాక మరకను ఆపే లక్క ప్రైమరు వేయండి, లేకపోతే మామూలు రంగును దాటి ఆ గోధుమరంగు పైకి వస్తుంది.

దుమ్ము తుడిచాక గోడ మొత్తానికి ప్రైమరు వేయండి. కాంపౌండు పెట్టిన చోటు రంగును ఒకలా, కాగితం మరొకలా పీల్చుకుంటాయి. ప్రైమరు లేని గోడ మీద ప్రతి అతుకూ వెలుతురులో మచ్చగా కనిపిస్తుంది. ప్రైమరు ఆరాక దీపాన్ని గోడకు ఆనించినట్లు పక్కగా పట్టి చూస్తే గుంటలు, గీతలు బయటపడతాయి. వాటిని సరిచేసి, ఆ చోట మళ్లీ ప్రైమరు తగిలించండి.

ప్రయోగశాల ఫలితం రాగానే ఫోన్ చెయ్యి. అమ్మ మీ ముగ్గురికీ దీవెనలు చెప్పమంది.

ఇట్లు,
నాన్న