రెండో గేరు నోరు మూసుకుంది రా!

ఒరేయ్ మావా,

నీకు జవాబు రాసి రెండు నెలలు దాటింది, తిట్టుకునే ఉంటావు, క్షమించు. ఇంట్లో అందరూ బాగున్నారు, చిన్నదానికి పళ్ళొస్తున్నాయి, అమ్మ మోకాలు కాస్త నయం. మిగతావన్నీ ఫోన్లో. ఇప్పుడు ఇంత హడావిడిగా కూర్చున్నది, నువ్వు మొన్న రాసిన ఒక్క ముక్క చూసి. "శనివారం గేర్‌బాక్స్ ఆయిల్ మార్పిస్తున్నా, ఏది పొయ్యాలో వాళ్ళే చూసుకుంటారు" అన్నావు. ఆగరా బాబూ. ఇది చదివాకే బండి ఇవ్వు.

మా రెండో గేరు గుర్తుందిగా? అదే, మన "సంగీతం మాస్టారు". పొద్దున్నే బండి తీస్తే మొదటి పది నిమిషాలు ఒకటి నుంచి రెండుకి వేసినప్పుడల్లా గర్ర్‌ర్... నువ్వు పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని తాళం వేసేవాడివి. క్లచ్చేమో అనుకుని అది సర్దించాను. పోలేదు. గేర్‌బాక్స్ దించి విప్పాల్సిందే అన్నారు. ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు సరిగ్గా నిద్ర లేదు, నిజం.

మూడో రాత్రి ఊరికే బండితో వచ్చిన పుస్తకం తిరగేస్తుంటే, చివర్లో ఎక్కడో చిన్న అక్షరాల పట్టికలో ఒక్క వరుస కనపడింది: మాన్యువల్ ట్రాన్స్‌మిషన్, 75డబ్ల్యూ-80, జీఎల్-4. మొదటిది నూనె చిక్కదనం, రెండోది అందులో కలిపే మందుల తరగతి. వెంటనే లేచి పాత సర్వీసు బిల్లు వెతికా. అందులో ఉన్నది 80డబ్ల్యూ-90, జీఎల్-5! పోసినతన్ని అడిగితే "నాలుగు కంటే ఐదు పెద్దది కదా సార్, మంచిదే వేశాం" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం, నిజంగానే అలా నమ్ముతున్నాడు. చాలామంది అలాగే నమ్ముతున్నారు, నా బాధంతా అదే.

అసలు సంగతి చెప్తా విను. జీఎల్-5 ముఖ్యంగా వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్ లాంటి చోట్ల కోసం. అక్కడి హైపాయిడ్ గేర్ల పళ్ళు విపరీతమైన ఒత్తిడిలో ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. అవి పట్టేసుకోకుండా సల్ఫర్, ఫాస్ఫరస్ మందులు జీఎల్-4 కంటే సుమారు రెట్టింపు కలుపుతారు. మన గేర్‌బాక్స్ పళ్ళకి అంత అవసరం లేదు. పైగా లోపల సింక్రో రింగులుంటాయి, చాలా బళ్ళలో ఇత్తడివి. కదిలే బస్సు ఎక్కాలంటే ముందు దాంతో పాటు నాలుగడుగులు పరిగెత్తి, వేగం కలిశాక కదా కాలు పెడతాం? గేరు పడే ముందు ఆ పరుగు పెట్టించేది ఈ రింగే. అది గేరుకున్న శంకు ఆకారపు కోన్‌ని రాసుకుని, ఆ రాపిడితోనే రెండింటి వేగమూ కలుపుతుంది. అంటే అక్కడ రాపిడి కావాలి! మరీ జారుడు నూనె పోస్తే పాచి పట్టిన బండ మీద పరిగెత్తినట్టే. వేగం కలవకుండానే పళ్ళు తగులుకుంటాయి, మాస్టారు రాగం అందుకుంటాడు. నూనె చిక్కన కూడా అయితే చల్లటి పొద్దున ఇంకా కష్టం. ఇది చాలదన్నట్టు ఆ సల్ఫర్ మందుల్లో కొన్ని రకాలు వేడి మీద ఇత్తడిని తినేస్తాయి కూడా. ఇప్పుడొచ్చే జీఎల్-5లన్నీ అలా తింటాయని కాదులే, కానీ జారుడు సంగతి మాత్రం...

సరే, పని దగ్గరికి వస్తా. ఆదివారం పొద్దున నేనే దిగాను. కాసేపు బండి తిప్పొచ్చి, నూనె వెచ్చబడ్డాక, బండిని సమంగా ఎత్తి నిలబెట్టి, ముందు పైనున్న ఫిల్లింగ్ ప్లగ్ విప్పా. ఇది మర్చిపోకు: ముందు పైది, తర్వాతే కిందది. కిందది విప్పి నూనంతా దించేశాక పైది బిగుసుకుపోయి రాకపోతే ఖాళీ గేర్‌బాక్స్‌తో అక్కడే కూర్చోవాలి. నూనె దిగుతుంటే కుళ్ళిన గుడ్డు కంపు, చేతులకి రెండు రోజులు వదల్లేదు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద, వేళ్ళ మధ్య నలిపితే కాటుకలా ఉంది. అది మామూలే, ముక్కలు తగిలితేనే భయపడాలి. కానీ తట్టలోకి టార్చ్ వేసి చూశాను రా... నూనెలో సన్నటి బంగారు పొడి మెరుస్తోంది. అయస్కాంతానికి అంటుకోని పొడి. ఇత్తడి. కడుపులో దేవినట్టయింది.

కొత్తది ట్యూబ్‌తో పోశా, పై రంధ్రం అంచు నుంచి సన్నగా కారేదాకా, దాదాపు రెండు లీటర్లు పట్టింది. మొదటి రోజు పెద్ద తేడా లేదు, నీరసం వచ్చింది. మూడో రోజు సగం తగ్గింది. పదో రోజు పొద్దున్నే చలిలో రెండుకి వేస్తే వెన్నలో వేలు దిగినట్టు దిగింది! మాస్టారు మౌనం! పోయిన ఇత్తడి తిరిగి రాదు, ఎక్కువ కాలం ఆగి ఉంటే నూనె మార్చినా లాభం ఉండేది కాదు.

నీ బండికి కూడా జీఎల్-4 పొయ్యమని నేను అనట్లేదు, జాగ్రత్త. కొన్ని గేర్‌బాక్సులకి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే నూనె) పొయ్యాలి, కొన్నిటికి కంపెనీ సొంత ఆయిల్, కొన్ని పాత బళ్ళకి ఇంజన్ ఆయిలే, కొన్నిటికి జీఎల్-5 అని వాళ్ళే రాస్తారు. నీ పుస్తకంలో ఏముంటే అదే. డబ్బా మీద "జీఎల్-4, జీఎల్-5 రెండింటికీ" అని ఉంటే మోజుపడకు, అది మామూలుగా జీఎల్-5 మందే. 75, 90 అంకెలు చూసి ఇంజన్ ఆయిల్ కంటే ఎంత చిక్కనో అని కంగారుపడకు, ఆ కొలత వేరు. గేర్ ఆయిల్ 90 అంటే వేడి మీద ఇంజన్ ఆయిల్ 40, 50లంత చిక్కదనమే. ప్లగ్ వాషర్ కొత్తది వేయించు, ఇంకా ఆ బిగించే బలం ఉంది చూడు, అది...

చిన్నది లేచింది, ఏడుపు మొదలు. శుక్రవారం లోగా ఆ పేజీ ఫొటో తీసి పంపు, మర్చిపోకు!

నీ
తాళం లేని పాటగాడు