లాభం, రెండు, మూడు

అంబాజీపేట,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మూర్తీ,

నాన్న నోరు విప్పారు! ఫోనులో చెబుదామనుకున్నాను కానీ గొంతు పూడుకుపోతుందేమోనని ఉత్తరం రాస్తున్నాను.

నిన్న పొద్దున్న పెరట్లో కొబ్బరికాయలు లెక్కపెడుతుంటే నాన్నను అరుగు మీద కూర్చోబెట్టాం. లెక్కపెట్టే మనిషి "లాభం" అని మొదటి కాయ వేశాడో లేదో, వెనక నుంచి "రెండు... మూడు... నాలుగు" అంటూ నాన్న గొంతు! పక్షవాతం వచ్చిన ఈ రెండు నెలల్లో "నీళ్లు" అని అడగలేకపోయిన మనిషి, ఇరవై దాకా ఎక్కడా తడబడలేదు. అమ్మ చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వెంటనే కాయ చూపించి "ఇదేమిటి నాన్నా?" అన్నాను. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

మాట నేర్పడానికి వచ్చే థెరపిస్ట్‌ను అడిగితే విడమరిచి చెప్పింది. మాటను కొత్తగా కూర్చి పలకడం వేరు, ఏళ్ల తరబడి నోట నానిన వరసను అప్పజెప్పడం వేరు. రెండోదానికి మెదడు కుడి సగమూ సాయం పడుతుందట. పాటలూ అంతేనట.

మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులే అయినా, ఒంటికి అందే ప్రాణవాయువులో ఐదో వంతు అదే తీసుకుంటుంది. అందుకే రక్తం కాసేపు ఆగినా తట్టుకోలేదు. మన బోదెల సంగతే చూడు. ధవళేశ్వరంలో నీళ్లు నిండుగా ఉన్నా, మన బోదె పూడితే దాని కింద చేను ఎండుతుంది, పక్క చేను పచ్చగానే ఉంటుంది. నాన్నకు ఎడమవైపు ముందుభాగానికి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. కుడి చేతినీ కాలినీ నడిపేది ఎడమ సగమే కాబట్టి ఆ రెండూ పడిపోయాయి. మాటను కూర్చే చోటు కూడా అక్కడే ఉంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, "టాన్" అన్న ఒక్క ముక్క తప్ప దాదాపు ఏమీ పలకలేని రోగి చనిపోయాక అతని మెదడును పరీక్షించి ఆ చోటును గుర్తించాడు.

విన్నది అర్థం చేసుకునే చోటు ఇంకాస్త వెనక ఉంటుంది. నాన్నకు అది చెక్కుచెదరలేదు. మనం అనేదంతా ఆయనకు తెలుస్తోందిరా! చూడవచ్చిన బంధువులు చెవిటివాడితో మాట్లాడినట్టు అరుస్తుంటే, పసివాడిని బుజ్జగించినట్టు బుజ్జగిస్తుంటే ఆయన ముఖం తిప్పుకుంటున్నారు. నాకు ప్రాణం విలవిల్లాడుతోంది. ఒంటి తూకం నిలిపే చిన్నమెదడు, ఊపిరినీ గుండెనూ చూసుకునే మెదడు కాండం బాగానే ఉన్నాయి, అంతవరకు నయం.

ఆ రోజు మూతి కాస్త వంకరగా కనిపిస్తే, నిద్ర చాలలేదేమోనని పడుకోబెట్టాం. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు పడాలట. మేం వెళ్లేసరికి ఆ గడువు దాటిపోయింది. మీ అమ్మగారికి బీపీ ఉంది కదా. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక్క నిమిషం కూడా ఆగకుండా స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లు. ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పి ఉంచు.

ఈ పొద్దున్న మళ్లీ కాయలు ముందు పెట్టాను. ఐదు దాకా లెక్కపెట్టాక ఆరోది ఆయన ఎడమచేతిలో పెట్టి ఆగాను. చాలాసేపు దానివంకే చూసి, "కా..." అన్నారు.

సంక్రాంతికి తప్పకుండా రా. మునుపటిలాగే అరుగు మీద ఆయన పక్కన కూర్చో.

నీ
సత్యం