మందుబిళ్లతో పాటు కందిపప్పు కూడా ఇవ్వండి

సంపాదకులు గారికి,

టంగుటూరు మండలంలోని ఒక పల్లెలో పన్నెండేళ్లుగా ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. పేరు రాయడం లేదు. నా పేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే నేను ఎవరి గురించి రాస్తున్నానో ఇట్టే పోల్చుకుంటారు.

మా ఊళ్లో పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే ఒక అక్క ఉంది. భర్త లారీ డ్రైవరు, హెచ్‌ఐవీతోనే పోయాడు. ఈమెకూ సోకింది. మందు ఉచితమే, ఒంగోలు వెళ్లి తెచ్చుకుంటుంది. ఇంటికి రాగానే డబ్బా మీద కాగితం పీకేసి, బిళ్లలు గలగలమనకుండా లోపల దూది కూరి బియ్యం డ్రమ్ములో దాస్తుంది. రాత్రి తొమ్మిదికి బిళ్ల వేసుకోవాలి. ఇంట్లో సరైన తిండి లేని రోజు మానేస్తుంది. "ఖాళీ కడుపున వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయి చెల్లీ" అంటుంది. నెలాఖరుకు లెక్క చూస్తే ఏడెనిమిది బిళ్లలు మిగిలే ఉంటాయి. అవి చూసినప్పుడల్లా నాకు టెన్షన్.

ఒక శిక్షణలో విన్న సంగతి ఈ ఉత్తరం రాయించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు, ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు కలిసి మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే హెచ్‌ఐవీ ఉన్న 600 మంది ఆడవాళ్లతో అధ్యయనం చేశారట. అందరికీ ఆశా తోడు ఉంది. కొందరికి ఏం తినాలో నేర్పారు, కొందరికి పప్పులు ఇచ్చారు, కొందరికి రెండూ. రెండూ అందిన వాళ్లలో, జబ్బులతో పోరాడే రక్తంలోని సీడీ4 కణాలు అందరికంటే ఎక్కువ పెరిగాయి, ఒంటి బరువూ పెరిగింది. నేను పన్నెండేళ్లుగా గడపగడపకూ తిరిగి చూస్తున్నదే ఇది. కానీ నేను చెబితే మాట, వాళ్లు చెబితే రుజువు. ఆ రుజువు మా రేషన్ షాపు దాకా ఎందుకు రాలేదు?

పింఛను 4,000 ఇస్తున్నారు కదా అంటారు. నిజమే, అది పెద్ద ఆసరా. కానీ చేతికొచ్చిన డబ్బు అప్పు వడ్డీకో, పిల్లల ఫీజుకో పోతుంది. పప్పు అయితే పొయ్యి మీదికే వెళ్తుంది.

మందు మానకుండా వేసుకోవడం ఎంత అవసరమో కూడా పరిశోధనే చెప్పింది. చెన్నై, పుణెలతో సహా 9 దేశాల్లో ఇద్దరిలో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న 1,763 జంటలతో చేసిన పరీక్షలో, ముందుగా మందు మొదలుపెడితే భాగస్వామికి సోకే అవకాశం 96 శాతం తగ్గుతుందని 2011లో తేలింది. మా పక్క వీధిలో భర్తకు ఉండి భార్యకు లేని ఒక జంట ఉంది. ఏళ్ల తరబడి ఆమెకు నెగెటివే, పాపకూ నెగెటివే. ఆ ఇంటికి వెళ్లి వచ్చిన రోజు నాకు అన్నం సహిస్తుంది.

ఇప్పుడు హెచ్‌ఐవీ లేనివాళ్లకు అది సోకకుండా ఆపే లెనకపవిర్ అనే ఇంజెక్షన్ వచ్చింది. ఆరు నెలలకోసారి వేయించుకుంటే చాలు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఇది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో ప్రకటించారు. మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో దీన్ని 2027 నుంచి పేద దేశాలకు ఏడాదికి 40 డాలర్లకు అందిస్తామన్నాయి. చాలా సంతోషం. మరి హైవే పక్కన ఉన్న మా ఊళ్లలో భర్తలు నెలల తరబడి లారీల మీద తిరిగే ఆడవాళ్లు ఆ సూది కోసం ఎక్కడికి వస్తారు? ఎవరితో చెప్పుకుంటారు? నేను బీపీ మిషన్ పట్టుకుని వెళ్తే ఎవరూ అనుమానించరు. హెచ్‌ఐవీ బోర్డు ఉన్న గదికి రమ్మంటే మాత్రం ఎవరూ రారు. ఆ సూది రాకముందే మా ప్రాంతంలో ఈ ఆడవాళ్లను అడిగి తెలుసుకోండి. అడిగాక, తేలిందేమిటో వాళ్లకు తెలుగులో చెప్పండి.

అధికారులను కోరేది ఇంతే. ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందు వాడేవాళ్లకు నెలనెలా కందిపప్పు, మినప్పప్పు ఇవ్వాలి. గుట్టు బయటపడకుండా వాళ్లను కనిపెట్టుకుని ఉండేలా ఆశాలకు శిక్షణ ఇవ్వాలి, ఆ పనికి పారితోషికం లెక్కగట్టాలి.

మా అక్క వచ్చే నెల ఒంట్లో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షకు ఒంగోలు వెళ్లాలి. అవి గ్రేడింగ్ జోరుగా సాగే రోజులు, ఒక రోజు కూలి పోతుంది. నేనూ తోడు వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక ఆశా కార్యకర్త,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా