శ్వాస లెక్క తప్పితే ఏఐ ఏం చేస్తుంది?

సంపాదకులకు,

ఆసుపత్రుల్లో కృత్రిమ మేధ అనగానే నర్సులకు ఉద్యోగ భయం పట్టుకుందంటారు. వార్డులో అసలు గొడవ వేరు. రోగి పరిస్థితి విషమించబోతోందని ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్‌కు ఆధారం మేం రాసే వైటల్సే (నాడి, జ్వరం, శ్వాస వంటి కొలతలు). వాటిలో ఎక్కువగా తప్పు పడేది శ్వాస రేటు. ఛాతీ కదలిక చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాలి. ముప్పై పడకలకు ఒక్క సిస్టరే ఉంటే ఆ లెక్కకే అరగంట పోతుంది. అందుకే కేస్‌షీట్లలో 18, 20, 18, 20 అని వరస పెట్టి కనిపిస్తాయి.

రోగి పరిస్థితి ఎంత విషమంగా ఉందో వైటల్స్‌కు పాయింట్లు వేసి చెప్పే, బ్రిటన్‌లో వాడే న్యూస్-2 స్కోరునే తీసుకోండి. శ్వాస 12 నుంచి 20 ఉంటే సున్నా, 25 లేదా ఆపైన ఉంటే 3 పాయింట్లు. నాడి 112 (2 పాయింట్లు), జ్వరం 101 డిగ్రీలు (1), శ్వాస 26 ఉన్న రోగికి, మిగతావన్నీ మామూలుగా ఉన్నా, మొత్తం 6 వస్తుంది. మొత్తం 5 దాకా వస్తే డాక్టర్‌ను త్వరగా పిలవాలి. శ్వాస 20 అని రాసేస్తే అదే రోగికి 3! ఎంత తెలివైన ప్రోగ్రామైనా ఆ అంకెనే నమ్ముతుంది. వేలికి పెట్టే ఆక్సిమీటరూ అంతే. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా రీడింగ్ తేడా వస్తుంది. నల్లటి చర్మంపై అసలు కన్నా ఎక్కువ చూపే ప్రమాదముందని అమెరికాలో 2020లోనే తేలింది. మన రోగుల విషయంలో ఇది చిన్న సంగతేం కాదు.

సెప్సిస్‌ను (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చే స్థితి) ముందే పసిగట్టేందుకు ఎపిక్ అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సంస్థ చేసిన మోడల్‌ను అమెరికాలోని మిచిగాన్‌లో 38 వేలకు పైగా అడ్మిషన్లపై పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ రోగుల్లో 67 శాతం మందిని అది పట్టలేదు. హెచ్చరికలు మాత్రం మొత్తం అడ్మిషన్లలో 18 శాతానికి వచ్చాయి. ఊరికే మోగే అలారానికి చెవులు అలవాటుపడిపోతాయి, నిజంగా మోగిన రోజు కూడా ఎవరూ కదలరు.

డ్యూటీ చార్టు వేయడం, హ్యాండోవర్ నోట్సు, మందుల ఇండెంటు వంటివి ఏఐ చేసిపెడతానంటే వద్దనే సిస్టర్ ఉండదు. రోగి మీద నిర్ణయం చెప్పే సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం కొనేముందు కొన్ని నెలలు మన వార్డుల్లోనే అలారం మోగకుండా నడిపి, అది చెప్పినదాన్ని జరిగినదానితో పోల్చాలి. ఆ కమిటీలో వార్డు నర్సులు ఉండాలి. హెచ్చరిక వస్తే ఏ డాక్టర్‌కు, ఎన్ని నిమిషాల్లో ఫోన్ వెళ్లాలో గోడమీద రాసి ఉండాలి. హెచ్చరికను పక్కన పెడితే కారణం రాయడానికి స్క్రీన్ మీద రెండు లైన్ల జాగా ఇవ్వాలి. ఆ రెండు లైన్లకు మెమో ఇవ్వబోమని ముందే కాగితం మీద పెట్టాలి.

– కొందరు స్టాఫ్ నర్సులు, నర్సింగ్ ట్యూటర్లు