టెలిఫోన్ గూట్లో నీ ల్యాప్‌టాప్

పాలకొల్లు,
14-12-2025

చిన్నితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. చలికి అమ్మ మోకాలి నొప్పి కాస్త ఎక్కువైంది గానీ నువ్వు టెన్షన్ పడాల్సినంత ఏమీ లేదు.

ఫోన్లో మొదలెడితే "నాన్నా, మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చేస్తా" అంటావు. అందుకే కాగితం తీశాను. దీపావళికి వచ్చినప్పుడు నీ బీటెక్ ల్యాప్‌టాప్ చూసి ఏమన్నావో గుర్తుందా? విండోస్ 10కి అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆపేశారు, 11 ఎక్కాలంటే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి, ఇది ఆరో తరం, ఎవరికైనా ఇచ్చెయ్ అన్నావు. ఇవ్వలేదమ్మా. హాల్లో ల్యాండ్‌లైను ఫోను ఉండే గూడు ఉంది కదా, అందులో పుస్తకంలా నిలబెట్టాను. నెల పైనే అయింది, రాత్రీ పగలూ నడుస్తోంది. సర్వర్ అంటే ఏసీ గదుల్లో వరసగా బీరువాల్లా ఉండేవేనేమో అనుకునేవాణ్ణి. ఎవరడిగినా అడిగింది తీసిచ్చేందుకు మెలకువగా కూర్చునేదేదైనా సర్వరేనట. సబ్‌స్టేషన్లో నేను ముప్ఫై ఏళ్లు చేసిన నైట్ డ్యూటీ కూడా ఇంచుమించు అదే.

ముందు బ్యాటరీ సంగతి. మౌస్ పలక పైకి లేచి ఉంది, గమనించావా? నేను స్క్రూలు బిగిద్దామని అడుగు మూత విప్పితే, కింద బ్యాటరీ నూనెలో వేసిన అప్పడంలా పొంగి ఉంది. ఏళ్ల తరబడి చార్జర్ పెట్టే ఉంచితే, పైగా వేడి తగిలితే లోపల గ్యాస్ పుట్టి అలా ఉబ్బుతుంది. గుచ్చుకుంటే అంటుకుంటుంది. కనెక్టర్ ఊడదీసి, ప్లాస్టిక్ చెంచాతో మెల్లగా లేపి బయటికి తీశాను. చెత్తబండిలో వెయ్యకుండా పాత బ్యాటరీలు తీసుకునే షాపులో ఇచ్చి వచ్చాను. బ్యాటరీ లేకపోయినా అడాప్టర్ మీద బండి లేచింది.

లోపలున్న హార్డ్ డిస్కు కూడా మంచం పట్టింది. పరీక్ష చేస్తే "కరెంట్ పెండింగ్ సెక్టార్ 16" అని చూపించింది. కరెంట్ పెండింగ్ అంటే మన డిపార్ట్‌మెంట్ వ్యవహారమేమో అనుకున్నా! కాదు, చదవడానికి మొరాయిస్తూ, ఉంచాలో తీసెయ్యాలో తేలని చోట్లు ప్రస్తుతానికి అన్ని ఉన్నాయని అర్థం. అది పూర్తిగా పోకముందే అందులోదంతా కాపీ తీసి, దాని బదులు ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు, 500 జీబీది, కొని బిగించాను. పెద్ద ఖర్చు పెట్టింది దానికొక్కదానికే.

విండోస్ బదులు ఎక్కించింది డెబియన్ అనే లినక్స్, ఈ ఆగస్టులో వచ్చిన 13. 1993లో ఇయాన్ మర్డాక్ అనే కుర్రాడు మొదలెట్టి, తర్వాత తను పెళ్లాడిన డెబ్రా పేరు ముందు, తన పేరు వెనక పెట్టి డెబియన్ అన్నాడట. ఈ ముక్క మీ అమ్మకు చెప్పడం నా పొరపాటు. "ఇన్నేళ్లలో మీరు దేనికి పెట్టారు నా పేరు?" అంది. అందుకే సర్వర్‌కి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు తటపటాయించి, చివరికి గూడు అని పెట్టేశా. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే పక్కింటి కుర్రాడు "గుడు ఏంటంకుల్" అంటాడు. పోనీలే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భాషల్లో తెలుగు కనిపించింది. ఎంత సంబరమో! తెలుగే నొక్కాను. చివరిదాకా చక్కగా తెలుగులోనే అడిగింది. తీరా రీస్టార్ట్ అయ్యాక నల్ల తెర మీద ఒక్క అక్షరం లేదు, అన్నీ డబ్బాలు. బొమ్మల తెర ఉన్నంతసేపే తెలుగు. ఆ ఉత్త నల్ల తెరకు గుణింతాలూ ఒత్తులూ కూర్చడం రాదు. సర్వర్‌కి బొమ్మల తెర దండగని నేనే తీసేశాను. మళ్లీ మొదటినుంచీ ఇంగ్లిష్‌లో కానిచ్చాను.

అసలు చుక్కలు కనపడింది ఆ తర్వాత. ఏ పెద్ద పని చెయ్యాలన్నా లైను మొదట్లో సూడో అని కొట్టాలి కదా. నేను కొడితే తెర మీద "యూడో" అని పడుతోంది. నీ కీబోర్డులో ఎస్ మీట చచ్చిపోయింది తల్లీ. ఫైనలియర్‌లో కాఫీ ఒలికిందన్నావే, దాని పుణ్యమే అయి ఉంటుంది. సరే, యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తెచ్చి తగిలించాను. సూడో పడింది. పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాను. సారీ, ట్రై ఎగైన్. అక్కడ కొట్టేటప్పుడు చుక్కలు కూడా పడవు, ఏం కొట్టామో మనకే తెలీదు. మూడుసార్లు సారీ చెప్పి వెళ్లిపోయింది. నాకు మతిమరుపు మొదలైందేమోనని నిజంగానే భయం వేసింది. మధ్యాహ్నం అన్నం తింటుంటే వెలిగింది: పాస్‌వర్డ్ పెట్టినప్పుడు పాత కీబోర్డుతో కొట్టాను కాబట్టి అందులో ఎస్ పడలేదు. రెండోసారి నిర్ధారణకు అడిగినప్పుడూ పడలేదు. రెండూ సరిపోయాయని అది ఒప్పేసుకుంది! ఎస్ లేకుండా కొట్టా, తలుపు తీసింది. అది అప్పుడే మార్చేశాలే.

ఇప్పుడు కీబోర్డే అక్కర్లేదు. నా ఫోన్లో టెర్మక్స్ అనే యాప్ వేసుకుని, దూరం నుంచే కంప్యూటర్‌ని నడిపించే ఎస్ఎస్‌హెచ్‌తో మంచం మీద నుంచే లోపలికి వెళ్తున్నా. మూత మూస్తే నిద్రపోయే అలవాటు మాన్పించడానికి లాగిన్‌డీ ఫైల్లో లిడ్ స్విచ్ అన్న చోట ఇగ్నోర్ అని రాశాను. సబ్‌స్టేషన్లో లైను ఆపమని రిలే ఇచ్చే ట్రిప్ సిగ్నల్ బ్లాక్ చేసినట్టన్నమాట. రౌటర్‌కి చెప్పి దానికెప్పుడూ ఒకే ఐపీ, అంటే ఇంటి నెట్‌లో ఒకే అడ్రసు, ఇచ్చేలా చేశాను.

కరెంటు విషయంలో మాత్రం నాకు నేనే గురువు. బ్యాటరీ తీసేశాం కాబట్టి కరెంటు పోతే ఆ క్షణమే పోతుంది. అందుకని ఇన్వర్టర్ లైన్లో పెట్టాను. అయినా కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్ట్ అవుతోంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, లైటు ఒక్కసారి రెప్ప వేసినట్టు అంటుంది, ఇది మాత్రం పడిపోతుంది. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంది, నార్మల్ మోడ్, యూపీఎస్ మోడ్ అని. కొన్నప్పటి నుంచీ నార్మల్‌లోనే ఉంది. ఇన్వర్టర్ మీదికి మారేటప్పుడు ఫ్యాన్లకు తెలియని ఆ రెప్పపాటు కంప్యూటర్‌కి ఎక్కువే. యూపీఎస్ వైపు తిప్పాను, మళ్లీ పడలేదు. ముప్ఫై ఏళ్లు 33/11 కేవీ సబ్‌స్టేషన్ చూసినవాడు ఇంట్లో ఆ స్విచ్ చూసుకోలేదని నీ తమ్ముడికి చెప్పకు. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కనే పెట్టొచ్చు కదా అంది అమ్మ. ఆ యాసిడ్ ఆవిరికి నట్లే తుప్పు పడతాయి, బోర్డు ఆగుతుందా? అందుకే గూడు.

మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి, అక్టోబర్ 28న, ముందుజాగ్రత్తగా లైన్లు ఆపేశారు. డిపార్ట్‌మెంట్లో ఉండి ఉంటే ఆ రాత్రి నేనూ సబ్‌స్టేషన్లోనే ఉండేవాణ్ణి. ఇంట్లో కూర్చుని కొవ్వొత్తి వెలుగులో ఇన్వర్టర్ చార్జి చూస్తూ, సగానికి పడగానే షట్‌డౌన్ కొట్టి పద్ధతిగా పడుకోబెట్టాను. ఒకవేళ ఉన్నపళంగా పోయినా ఈ లినక్స్ ఫైల్ సిస్టమ్ మన లాగ్ బుక్‌లాగా చెయ్యబోయే మార్పు ముందు రాసుకుని తర్వాత చేస్తుంది కాబట్టి, లేచాక ఆ రాత చూసుకుని సర్దుకుంటుంది. కాకపోతే దీనికి కరెంటు రాగానే తనంతట తను లేచే సెట్టింగ్ లేదు. బటన్ మనమే నొక్కాలి. అమ్మకు నేర్పాను.

బిల్లు ఎంత పెరుగుతుందోనని నువ్వడగకపోయినా అమ్మ అడిగింది. మిగతా ఎంసీబీలన్నీ దించి, ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే మామూలు పాయింటులో పెట్టి, మీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. మన మీటరు ఎర్ర లైటు 3200 సార్లు మిణికితే ఒక యూనిట్. పది నిమిషాల్లో ఆరుసార్లు మిణికింది. అంటే గంటకు 36, అంటే సుమారు 11 వాట్లు. నెలంతా ఆగకుండా నడిస్తే ఎనిమిది యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా యాభై దాటదు. అమ్మ దాన్ని వెంటనే రెండు కొబ్బరికాయల్లోకి మార్చి చూసుకుని ఊరుకుంది.

అందులో ఏముందంటావా. అమ్మ ఫోన్ నిండిపోయిందని వారం వారం గోల కదా, ఇప్పుడు రాత్రి వైఫై మీద ఫోటోలన్నీ దానంతటవే గూట్లోకి వెళ్తున్నాయి. ఫోల్డర్లు పంచేదాని పేరు సాంబా. "సాంబయ్య ఉన్నాడా ఇవ్వాళ?" అని అడుగుతుంది మీ అమ్మ, పనివాణ్ణి అడిగినట్టు. ఇంకా నాన్నమ్మ మంగళహారతులు. నీ చెవులు కుట్టించిన రోజు పాడిన క్యాసెట్లు రెండు బీరువాలో దొరికాయి. టేపు మీద తెల్లగా బూజు. దూదితో తుడిచి, పాత టేప్‌రికార్డర్ నుంచి వైరు పెట్టి పక్కింటి కుర్రాడి కంప్యూటర్లో ఎక్కించాం. గంట టేపుకి గంటా కూర్చోవాల్సిందే. మధ్యలో ఒకచోట పాట ఆపి "పిల్లకి పాలు పట్టారా?" అని అడుగుతుంది నాన్నమ్మ. ఆ పిల్లవి నువ్వే.

ఇవి నువ్వు అక్కడి నుంచి వినాలని రౌటర్లో పోర్ట్ అనే తలుపు తెరిచి చూశాను, కుదరలేదు. మన రౌటర్‌కి నెట్ వాళ్లిచ్చిన అడ్రసు 100తో మొదలవుతోంది. అంటే అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే డోర్ నంబరు ఉన్నట్టు, బయటి మనిషికి మన ఫ్లాట్ ఏదో తెలిసే దారి లేదు. అందుకని టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాం పెట్టాను, మన వైపు నుంచే బయటికి దారి వేసుకుంటుంది. ఆహ్వానం నీ మెయిల్‌కి పంపాను, చూడు. పాస్‌వర్డ్ బదులు నిన్ను గుర్తుపట్టడానికి నీ ఎస్ఎస్‌హెచ్ పబ్లిక్ కీ కూడా పంపు. పాస్‌వర్డ్‌తో లోపలికి రావడం ఎవరికీ లేకుండా తీసేశాను, నాకైనా అంతే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక టీబీ బయటి డిస్కు తీసుకురా. అన్నీ ఒక్క ఎస్ఎస్‌డీ మీదే ఉన్నాయి, అది పోతే నాన్నమ్మ గొంతు కూడా పోతుంది. కాపీ తీసి బెంగళూరు పట్టుకెళ్లు, వచ్చినప్పుడల్లా తెచ్చి కొత్తవి కలుపుకుందాం.

ఇంకొకటి. పాత డిస్కులో నీవి అరవై జీబీ దాకా ఉన్నాయి. ఏదీ తెరవలేదు, పేర్లు కూడా చదవకుండా గుత్తగా కాపీ చేశాను. నీ పేరుతో ఫోల్డర్ పెట్టి, నువ్వు తప్ప ఎవరూ తెరవకుండా 700 కొట్టాను. నా లాగిన్‌తో వెళ్తే పర్మిషన్ డినైడ్ అంటుంది. రూట్‌గా, అంటే అన్ని తాళాలూ ఉన్న యజమానిగా, వెళ్తే తెరుచుకుంటుందని నాకూ తెలుసు, నీకూ తెలుసు. వెళ్లను. ఉంచుకోవాల్సినవి ఉంచుకుని మిగతావి నువ్వే తీసెయ్, చోటు తగ్గుతోంది.

మీ నాన్న