పండుగల చక్రంలో మేము చేసిన తప్పు, చవితి పెట్టెలో చేస్తున్న మార్పు

నమస్కారం.

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటూ, మా దగ్గర పండుగ పెట్టెలు (ఒక్కో పండుగకు పిల్లలు చేసే పనుల సామాను ఉండే పెట్టెలు) తెప్పించుకుంటున్న అమ్మలకూ నాన్నలకూ రాస్తున్నాను. కొత్త పెట్టె సంగతి చెప్పేముందు, ఉగాది పెట్టెలో జరిగిన తప్పు చెప్పాలి.

ఆ పెట్టెలో ‘పండుగల చక్రం’ అని గోడకు అంటించుకునే పెద్ద కాగితం ఉంది కదా. అందులో వినాయక చవితి ఆగస్టు 16 అని వేశాం. అసలు చవితి సెప్టెంబరు 14న. దసరా, దీపావళి తేదీలు కూడా అలాగే తప్పాయి. ఆ కాగితం 380 ఇళ్లకు వెళ్లింది.

తప్పు అచ్చువేసినవాళ్లది కాదు, నాది. ఫిబ్రవరిలోనే అచ్చుకి ఇవ్వాలన్న తొందరలో పంచాంగం చూడకుండా లెక్క కట్టాను. పోయినేడు (2025) ఉగాది మార్చి 30, ఈసారి (2026) మార్చి 19. పదకొండు రోజులు ముందుకొచ్చింది కాబట్టి మిగతా పండుగలూ అంతే ముందుకొస్తాయనుకుని, పోయినేటి ఆగస్టు 27 లోంచి 11 తీసేశాను. పట్టుకున్నది కరీంనగర్‌లో ఒక అమ్మమ్మ. మనవరాలు చక్రానికి రంగులు వేస్తుంటే చూసి మాకు ఫోన్ చేయించారు. “ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వస్తది కదమ్మా, శ్రావణంల చవితి పండుగ ఎట్ల చేస్తరు?” అన్నారు. ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆగస్టు 16న వచ్చేదీ శుద్ధ చవితే, కానీ అది శ్రావణ శుద్ధ చవితి. వినాయకుడిది భాద్రపదం.

సరిచేసిన చక్రం అందరికీ పోస్టులో పంపాం. జూలై 10 లోపు రాకపోతే ఒక్క మెసేజ్ పెట్టండి, మళ్లీ పంపుతాం. పాత చక్రాన్ని మాత్రం పారేయకండి. చవితి పెట్టెలో మొదటి పని దాంతోనే.

రెండు చక్రాలూ పక్కపక్కన పెట్టి, తేదీలు ఎక్కడిదాకా కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో పిల్లల్నే వెతకమనండి. జ్యేష్ఠం దగ్గర విడిపోతాయి. అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టవచ్చు. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్నెండు నెలలకు 354. సూర్యుడి ఏడాదికి 365. ఏటా పదకొండు రోజులు వెనకబడుతుంటే, దాదాపు మూడేళ్లకు ఒక నెల పోగవుతుంది. ఆ నెలనే అధిక మాసంగా కలుపుతారు. 354 చింతగింజలు ఒక గిన్నెలో, 365 ఇంకో గిన్నెలో పోసి ఇవ్వండి. ఏడెనిమిదేళ్ల పిల్లలు తేడా చేత్తో తీసి చూపిస్తారు. ఏటా ఆ పదకొండూ ఒక సీసాలో వేస్తూ పోతే ముప్పై ఎప్పుడు దాటుతాయో వాళ్లే చెబుతారు.

పెద్ద పిల్లలకు దీనివెనక ఉన్న నియమం ఇవ్వండి. సూర్యుడు కొత్త రాశిలోకి అడుగుపెట్టకుండానే ఒక అమావాస్య నుంచి మరో అమావాస్య వరకు గడిచిపోతే, ఆ నెల అధికం. ఈ పరాభవ సంవత్సరంలో మే 17 నుంచి జూన్ 15 దాకా జరిగింది అదే. జూన్ 15న పొద్దున అమావాస్య ముగిసిన కొద్ది గంటలకు మిథున సంక్రమణం, అంటే సూర్యుడు మిథున రాశిలోకి అడుగుపెట్టడం, వచ్చింది. ఆ కొద్ది గంటల తేడాతోనే ఈ ఏడు చవితి పద్దెనిమిది రోజులు వెనక్కి వెళ్లింది. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక్కడ పిల్లలు రెండు ప్రశ్నలు తప్పక అడుగుతారు, సిద్ధంగా ఉండండి. సంక్రాంతి ఎందుకు కదలదు? అది సూర్యుడి పండుగ, మకర రాశి ప్రవేశం, అందుకే జనవరి 14, 15 దగ్గరే ఉంటుంది. రంజాన్ ఎందుకు అన్ని కాలాల్లోనూ వస్తుంది? ఇస్లామీ క్యాలెండర్‌లో అధిక మాసం కలపరు, అందుకే ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతూనే ఉంటుంది. మీ వీధిలో సేమ్యా పంపే ఇల్లుంటే పిల్లల్ని వాళ్లింటికే పంపి అడిగించండి.

ఇక మట్టి సంగతి. పోయినేడు చవితి పెట్టెలో రెండు కిలోల మట్టి పెట్టాం. బొమ్మలు పగిలాయని చాలామంది రాశారు. పిల్లలు బొమ్మను లావుగా చేసి ఎండలో పెట్టారు. పైపొర త్వరగా ఆరి కుంచించుకుంది, లోపల తడి అలాగే ఉంది, దాంతో బీటలు వచ్చాయి. నీడలో ఆరబెట్టమని మేము రాయకపోవడం పొరపాటు. ఏడుస్తున్న బిడ్డ ఫొటో ఒకటి వచ్చింది, అది ఇంకా నా ఫోన్‌లో ఉంది.

ఈసారి పెట్టెలో మట్టి ఉండదు. మట్టి వెతకడమే పని. చెరువు గట్టు, పొలం, ఇల్లు కట్టేచోట తవ్విన గుంట, ఇలా మూడు చోట్ల నుంచి పిడికెడు చొప్పున తెండి. ఒక్కో మట్టికి ఒక్కో గాజు సీసాలో సగం నీళ్లు పోసి, మట్టి వేసి, బాగా ఊపి కదపకుండా పెట్టండి. ఇసుక ముందు దిగుతుంది, దానిపైన ఒండ్రు, బంకమట్టి చివరికి, ఒక్కోసారి మర్నాటికి. తర్వాత తడిమట్టిని తాడులా పేని వేలికి చుట్టండి. చిట్లకపోతే బొమ్మకు పనికొస్తుంది. ఏ చోటి మట్టి ఎందుకు నిలిచిందో సీసాయే చూపిస్తుంది. కొలతలు రాసుకునే కార్డులు, ఇరవై ఒక్క పత్రి బొమ్మల అట్టలు పెట్టెలో ఉంటాయి. పత్రిలో ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు కూడా ఉన్నాయి. ఆ మూడూ విషమే, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.

బరువు తగ్గింది కాబట్టి ధర కూడా 850 నుంచి 600 రూపాయలకు తగ్గిస్తున్నాం. ఏడాదికి సరిపడా డబ్బు ముందే కట్టినవాళ్లకు 250 తిరిగి వేస్తాం, మీరు అడగనక్కర్లేదు. కార్తీక పెట్టె మాత్రం ఈసారి లేదు. ఇద్దరమే చేస్తున్నాం, హడావుడిగా చేసి మళ్లీ తప్పులు పంపడం నాకు ఇష్టం లేదు.

బతుకమ్మ పెట్టె గురించి ఒక్కమాట. ఎండబెట్టిన తంగేడు పూలు పంపమని విదేశాల నుంచి అడుగుతున్నారు. పంపం. దారిలోనే పొడైపోతాయి, పైగా చాలా దేశాలు అలాంటివి లోపలికి రానివ్వవు. న్యూజెర్సీలో ఉన్న ఒక కుటుంబం పోయినేడు రోడ్డుపక్కన పసుపుపచ్చగా పూసిన గోల్డెన్‌రాడ్‌తో పేర్చింది, దాన్ని చూశాక మాకు బెంగ తీరింది. మీ ఊళ్లో ఆ నెలలో ఏది పూస్తే దాంతో పేర్చండి. ఏ పువ్వు ఎక్కడ దొరికిందో పిల్లలు రాసుకోవడానికి తొమ్మిది రోజులకు తొమ్మిది కార్డులు పంపుతాం.

చవితి పెట్టెలు ఆగస్టు 17 నుంచి బయల్దేరతాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు చక్రంలో తేదీని మాత్రం మీ ఊరి పంచాంగంతో సరిచూసుకోండి. తిథి అందరికీ ఒకే క్షణంలో మొదలవుతుంది, కానీ అప్పుడు మీ గడియారంలో రోజు మారి ఉండవచ్చు. కొత్త చక్రాన్ని ఈసారి అచ్చుకు ముందు కరీంనగర్ అమ్మమ్మకు పంపాం. రెండు చోట్ల పెన్సిల్‌తో దిద్ది ఇచ్చారు.