మా ఇంటి పాలు ఈ నెలాఖరు వరకే

అందరికీ నమస్కారం. ఒకటో తారీఖు నుంచి పాలకి వేరే చోట చెప్పుకోండి. గేదెలు రెండింటినీ అమ్మేశాం. బడులు తెరిచేలోపు విజయవాడ వెళ్లిపోతున్నాం.

అందరూ ఫోన్ చేసి ఎందుకని అడుగుతున్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. చేత్తో కోసి కుప్ప నూర్చిన రోజుల్లో ఏడాదికి సరిపడా గడ్డి వామి ఉండేది. ఇప్పుడు మిషన్ కోతకి గడ్డి నలిగి చేలోనే పోతోంది, వరిగడ్డి కూడా కొనాల్సిందే. తవుడు, పత్తి చెక్క రేట్లు మీకు తెలియనివి కావు. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి ఇచ్చే డబ్బు దాణాకే చాలట్లేదు. ఇక వరి సంగతి: 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకి 1,777. కౌలు కొలిచాక మిగిలినదాంతో పిల్లలిద్దరి ఫీజులు కట్టడం నా వల్ల కాలేదు. పట్నంలో అద్దె తక్కువని కాదు, అక్కడైతే మా ఇద్దరికీ నెల జీతం వస్తుంది.

నిన్న పెద్ద గేదె ఆటో ఎక్కనని మొండికేసింది. అమ్మ వచ్చి మెడ నిమిరితేనే ఎక్కింది. మెడలో గంట మాత్రం విప్పి కొంగున ముడేసుకుంది, కొన్నాయన కూడా ఏమీ అనలేదు.

మిగిలిన గడ్డి, కుడితి తొట్లు కావాల్సినవాళ్లు ఆదివారం తీసుకెళ్లండి, డబ్బులొద్దు. పాల బాకీలకి టెన్షన్ పడకండి. అమ్మ గోడ మీద బొగ్గుతో గీసిన గీతలే లెక్క, వచ్చి చూసుకోండి.